వెబ్‌సైటు ఎడిటరునందు పద్యపాఠ ప్రకటన

ప్రాచీన కావ్యపాఠములను, వానికి వ్రాసిన వ్యాఖ్యలను వెబ్‌సైటులయందు ప్రకటించునపుడు పూర్వము కంపోజిటరు చేసిన పని యంతయు పండితునిపైననే పడుచున్నది. ఈ పనికి విరివిగా వాడబడుచున్న వర్డ్‌ప్రెస్‌నందు 2018 డిసెంబరులో వెలువడిన 5.0 ప్రతి మొదలుకొని బ్లాక్ ఎడిటరు ప్రధానమైనది. అంతకు పూర్వపుది ‘క్లాసిక్ ఎడిటర్’ అను ప్లగిన్ రూపమున నిలిచియున్నది. కాగితముపైవలె ఒకే పెట్టెయందు ఆద్యంతము వ్రాసికొన వీలగుటచే దీర్ఘవ్యాసములు వ్రాయువారికి ఇది అనుకూలము. అయితే కంటికి కనబడు రూపము వేఱు, లోపల నిలుచు నిర్మాణము వేఱు. ఈ భేదము నెఱుగనిచో పాఠమునకే హాని కలుగును.

ముందుగా పద్యమును చూతము. విజువల్ విభాగమున ఎంటర్ మీటను నొక్కినచో కొత్త పేరా ఆరంభమగును. ఉత్పలమాల పాదములను అట్లు వ్రాసినచో ఒక పద్యము నాలుగు పేరాలుగా చీలిపోవును. షిఫ్ట్ మీటను పట్టి ఎంటర్ నొక్కినచో పంక్తి మాత్రమే విఱుగును, పేరా ఒక్కటిగనే యుండును. పద్యమునకు కావలసినది ఇదియే. హెచ్.టి.ఎం.ఎల్. సంకేతములు కనబడు రెండవ విభాగమున పద్ధతి వేఱు: అచట ఒకసారి నొక్కిన పంక్తి విఱుగును, రెండుసార్లు నొక్కిన పేరా మాఱును. సీసమునందు పాదమునకు ఆఱు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు గలవు గనుక దానిని రెండు పంక్తులుగా వ్రాయుట వాడుక. ఆ యెనిమిది పంక్తులు ఒక పేరాగను, పిదప వచ్చు గీతము వేఱొక పేరాగను ఉండుట యుక్తము.

తాళపత్రములయందును లేఖకులు పాదములను విడదీయక ఏకధారగ వ్రాసిరి గదా యని కొందఱనవచ్చును. ఆ పత్రములను చదివినవారు గణములను, యతిప్రాసలను చెవితోనే పట్టగలవారు. నేటి చదువరి తఱచుగా విద్యార్థి. అతని చేతనున్నది సెల్‌ఫోను. 20 అక్షరముల పాదము ఆ ఇఱుకు తెరపై తనంతనే విఱుగును. తెలుగున పదము పాదమును దాటి సాగుట సహజము గనుక కవి విఱిచినదేదో, తెర విఱిచినదేదో తెలియుట కష్టము. ప్రతిపాదమునకు మొదట సంఖ్య నుంచుట అందము కాకపోయినను మేలని నా యభిప్రాయము. మూలమును బ్లాక్‌కోట్ మీటతో వేఱుపఱచినచో వ్యాఖ్యతో కలియదు.

శీర్షికలను బొద్దు అక్షరములతో వ్రాసి ఊరకుండుట మఱియొక పొరపాటు. అది కంటికి శీర్షికయే గాని యంత్రమునకు కాదు. అంధులకు చదివి వినిపించు సాఫ్ట్‌వేరు ‘హెడింగ్’ అని గుర్తించిన పంక్తులనుబట్టియే ప్రకరణములను చూపును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వేఱొకచోటినుండి పాఠమును తెచ్చి అతికించుట. యూనికోడేతరములైన పాత డి.టి.పి. ఫాంటులలో తెలుగు ఆకృతులను రోమను లిపి సంకేతములపై అమర్చిరి. ఆ పాఠమును అతికించినచో అర్థరహితమైన రోమను గుర్తులు వచ్చును. ఫాంటు మార్చుటచే ఫలము లేదు, యూనికోడులోనికి పరివర్తనము చేయవలెను. వర్డ్ నుండి తెచ్చినపుడు ‘పేస్ట్ యాజ్ టెక్స్ట్’ మీటను వాడినచో అనవసరమైన అలంకరణ తొలగును. బొద్దు అక్షరములు మొదలగువానిని మరల దిద్దుకొనవలెను. ఇక విసర్గ విషయము. ‘దుఃఖము’నందు విసర్గకు బదులు ఆంగ్ల విరామచిహ్నమైన కోలనును ఉంచువారు పెక్కురు. తెరపై భేదము స్వల్పమే గాని, సరియైన రూపముతో వెదకువానికి ఆ పద్యము చిక్కదు.

పేజీ చిరునామాను ఎడిటరు శీర్షికనుండియే కల్పించును. దానికి 200 స్థానముల హద్దు కలదు. తెలుగు సంకేతమొక్కొక్కటి తొమ్మిది స్థానముల నాక్రమించును. ‘క్ష్మి’ అను ఒక్క యక్షరమున ఆఱు సంకేతములున్నవి. అందుచే ‘శ్రీమదాంధ్ర మహాభారతము ఆదిపర్వము’ అను శీర్షిక చిరునామాలో ‘ఆదిపర్వము’ నడుమ తెగిపోవును. ప్రకటనకు ముందే పెర్మాలింకును చిన్నదిగా మార్చుకొనుట సులభము.

ప్రకటించిన పిదప చేసిన దిద్దుబాట్ల పూర్వరూపములు రివిజన్ల పట్టికయందు నిలుచును గాని అవి చదువరికి కనబడవు. కావున పాఠమును మార్చినపుడెల్ల మార్పును, తేదీని పేజీ యడుగున తెలుపవలెను.