బొగ్గుబాయి బూటు పుట్టుపూర్వోత్తరాలు

పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లా చుట్టుపక్కల బొగ్గు పని రెండు తీర్లుగా సాగుతుంది. సెంటినరీ కాలనీ దగ్గరి ఓపెన్‌కాస్టుల్లో ఎండకు కాలిన రాయి, డంపర్లు తిరిగే బాటల్లో దుమ్ము. వేసవిలో ఈ ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అడ్రియాల బాయిలోకి దిగితే చీకటి, వాలు, బురద, రూఫ్ నుంచి ఊడే పెళ్లలు. రెండు చోట్లా షిఫ్టు మొదలు నుంచి చివరి దాకా నేల దెబ్బలన్నీ తినేది పాదమే. ఆ పాదానికి అడ్డుగా ఉండేది బూటు.

చూడటానికి తోలూ రబ్బరూ కుట్టిన తొడుగే అయినా, బూటు నిజానికి ఒక యంత్రం. అందులో ప్రతి భాగమూ ఏదో ఒక గాయాన్ని ఆపడానికి పుట్టింది. ఏ భాగం ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు బూటును ధర చూసో, మెరుపు చూసో కొనరు.

ముందుగా తోలు. పచ్చిచర్మం నీళ్లలో కుళ్లిపోతుంది, ఎండితే చెక్కలా బిగుసుకుపోతుంది. చర్మంలో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాని అణువు మూడు పేటలు పేనిన తాడు లాంటిది. ఆ పేటలు విడిపోకుండా, ఒకదానికొకటి గట్టిగా అతుక్కునేలా చేయడమే తోలు ఊనడం. తెలంగాణ పల్లెల్లో మాదిగ కుటుంబాలు తరతరాలుగా లందల్లో, అంటే తోలు నానేసే తొట్లలో, చేసిన పని ఇదే. సున్నపు నీళ్లలో నానేసి వెంట్రుకలు ఊడదీసేవారు. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. ఆ చెట్టు బెరడులోని టానిన్లు కొల్లాజెన్ పోగులను పట్టి ఉంచుతాయని ఏ ప్రయోగశాలా చెప్పకముందే ఆ చేతులకు తెలుసు. ఊరు వాళ్లను దూరంగా పెట్టి, వాళ్లు ఊనిన తోలుతోనే మోట బొక్కెన కుట్టించుకుంది. ఆ పనిని విజ్ఞానమని ఒప్పుకోవడంలో మనం చాలా ఆలస్యం చేశాం.

రెండో మలుపు క్రోమియం. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్, 1893లో మార్టిన్ డెన్నిస్ క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతులకు పేటెంట్లు పొందారు. పచ్చిచర్మం 60 డిగ్రీలు దాటిన కాసేపటికే ముడుచుకుపోతుంది. క్రోమ్ తోలు మరిగే నీటి వేడినీ తట్టుకుంటుంది. వారాలు పట్టే పని రోజుల్లోకి వచ్చింది. తోలు మెత్తగా ఉంటూనే తడికీ వేడికీ ఓర్చింది. ఇవాళ పనివాళ్ల బూట్లలో ఎక్కువ భాగం ఈ తోలుతోనే తయారవుతున్నాయి. క్రోమియం కొల్లాజెన్‌ను ఎలా పట్టుకుంటుందన్న శాస్త్రంలో లోతుగా పనిచేసినవారిలో మన యలవర్తి నాయుడమ్మ ఒకరు. 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన ఆయన 1958 నుంచి 1971 దాకా మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు. చర్మకారుల బతుకును, శాస్త్రవేత్త బల్లను ఒకచోటికి చేర్చాలని తపించిన మనిషి. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన్ని పోగొట్టుకున్నాం.

తోలు ఎంత మంచిదైనా కింది అట్ట (సోల్) నిలవకపోతే బూటు నిలవదు. 1839లో చార్లెస్ గుడియర్ గంధకం కలిపి రబ్బరును వేడిచేసి, ఎండకు కరగని, చలికి పగలని రబ్బరు తయారుచేశాడు. అతని కొడుకు, అదే పేరున్న చార్లెస్ గుడియర్, 1871లో వెల్ట్ కుట్టే యంత్రాన్ని తెచ్చాడు. పైతోలు చుట్టూ ఒక తోలు పట్టీని కుట్టి, కింది అట్టను ఆ పట్టీకి కుట్టడం ఈ పద్ధతి. అట్ట అరిగితే బయటి కుట్టు విప్పి కొత్తది వేయొచ్చు, లోపలి భాగం చెక్కుచెదరదు. నడుమ నింపే కార్క్ కొన్ని వారాలు తొడిగేసరికి ఆ మనిషి పాదం ఆకారానికి సర్దుకుంటుంది. 1883లో యాన్ మాట్జెలిగర్ పైతోలును అచ్చు మీద బిగించే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో పుట్టి, వలసవెళ్లి బూట్ల ఫ్యాక్టరీలో కూలి చేసిన నల్లజాతి యువకుడు అతను. చేతిపని నేర్పరులు రోజంతా కూర్చుని చేసేదాన్ని యంత్రం ఎన్నో రెట్లు వేగంగా చేసింది. గట్టి బూటు కూలివాడి జీతానికి అందే దూరంలోకి రావడంలో అతని పాత్ర పెద్దది.

తర్వాత చేరింది ముందుభాగంలోని ఉక్కు టోపీ. నేటి భారతీయ ప్రమాణం ఐఎస్ 15298 ప్రకారం సేఫ్టీ బూటు ముందుభాగం 200 జౌళ్ల దెబ్బను తట్టుకోవాలి. 20 కిలోల ఇనుము ఒక మీటరు ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బ దాదాపు అంత. సుమారు ఒకటిన్నర టన్నుల బరువుతో నొక్కినా వేళ్లకు చోటు మిగలాలి. ఉక్కు టోపీయే వంగి వేళ్లను కోసేస్తుందన్న భయం చాలామందిలో ఉంది. ఆ టోపీని నలిపేసేంత బరువు ఉత్త వేళ్ల మీద పడితే వేళ్లు దక్కే మాటే ఉండదు. అయితే ఒకసారి గట్టి దెబ్బ తిన్న టోపీ రెండో దెబ్బకు నమ్మదగ్గది కాదు. పైకి సొట్ట కనిపించకపోయినా ఆ జతను మార్చాల్సిందే.

బొగ్గుబాయిలో కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతుంది. దాన్ని అంటించడానికి ఒక మిల్లీజౌల్‌లో మూడో వంతు శక్తి కూడా అక్కర్లేదు. గాలి పొడిగా ఉన్నప్పుడు మనిషి ఒంట్లో పోగయ్యే స్థిరవిద్యుత్తు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అందుకే యాంటీస్టాటిక్ అట్టను లక్ష ఓములకూ వంద కోట్ల ఓములకూ నడుమ నిరోధం ఉండేలా తయారుచేస్తారు. ఒంట్లోని విద్యుత్తు మెల్లగా నేలలోకి దిగిపోతుంది. పొరపాటున కరెంటు తీగ తగిలినప్పుడు ఒంటిగుండా పాకే ప్రవాహానికి కొంత అడ్డూ ఉంటుంది.

పొడుగాటి, లేసుల్లేని ఇంజనీర్ బూటు కూడా ఈ పనివాళ్ల బూట్ల కుటుంబంలోదే. 1930ల చివర అమెరికాలో చిప్పెవా, వెస్కో వంటి కంపెనీలు వీటిని తయారుచేశాయి. సర్వేయర్లు, వెల్డర్లు, రైలింజన్ల మీద పనిచేసేవాళ్లు తొడిగారు. నిప్పురవ్వ లోపలికి జారకుండా పొడవైన గొట్టం, యంత్రంలో చిక్కుకోకుండా లేసుల బదులు పాదం మీద ఒక బకిల్, పైఅంచున ఒక బకిల్. 1953లో 'ది వైల్డ్ వన్' సినిమాలో మార్లన్ బ్రాండో తొడిగాక అది మోటారుసైకిల్ బూటుగా లోకమంతా తిరిగింది. బండి నడిపేవాళ్లకు అది మంచి తోడే. సైలెన్సర్ వేడి కాలికి తగలదు, ఫుట్‌రెస్టులో లేసు చిక్కదు, పడితే చీలమండకు కొంత కాపు. కానీ గంటల తరబడి వాలు దిగి ఎక్కే కాలికి లేసులు బిగించిన బూటులా అది మడమను పట్టి ఉంచదు. మడమ లోపల జారితే బొబ్బలు తప్పవు. ఊరి నుంచి గని దాకా బండి మీద పోవడానికి బాగున్నదే బాయిలోపల పనికొస్తుందని అనుకోకూడదు.

ఇక ఎంపిక. పొద్దంతా నిలబడ్డాక పాదం ఉబ్బుతుంది కాబట్టి కొలత సాయంత్రమే చూసుకోవాలి, పనిలో వేసుకునే సాక్సులతోనే. తోలు కాలక్రమంలో సాగుతుంది గానీ ఉక్కు టోపీ ఎన్నటికీ సాగదు. మొదటిరోజు వేళ్లకు తగిలితే చివరిరోజూ తగులుతుంది. వాలు దిగుతున్నట్టు కాలు ముందుకు నొక్కి చూడాలి. వేళ్లు టోపీని గుద్దుకోకూడదు, మడమ లేవకూడదు, వెడల్పు దగ్గర పాదం నలగకూడదు.

బరువునూ చేత్తో తూచి చూడాలి. కాలికి కట్టిన బరువు, వీపున మోసే అదే బరువుకన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శ్రమ తీసుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. ఉక్కు బదులు గట్టి ప్లాస్టిక్, ఫైబర్ కలిపిన టోపీ తేలికగా ఉంటుంది, వేడినీ లోపలికి తేదు. వేడి ఇనుముతో పనిచేసే వర్క్‌షాపులో నైట్రైల్ రబ్బరు అట్ట మేలు. అది నూనెకూ ఓర్చుకుంటుంది. పాలీయురేథేన్ అట్ట తేలిక, మెత్తన. కానీ గాలిలోని తేమ దాన్ని లోలోపలే విడగొడుతుంది. బీరువాలో ఏళ్లపాటు దాచిన కొత్త జత మొదటి నడకలోనే పొడిపొడిగా రాలిపోవడానికి కారణం ఇదే. అందుకే తయారైన తేదీ చూసి తీసుకోవాలి. అచ్చులో పోసి అతికించిన అట్టను మార్చలేం, వెల్ట్‌కు కుట్టిన అట్టనైతే మోచీ మార్చగలడు. తడిసిన బూటును పొయ్యి దగ్గర పెట్టకుండా, కాగితం కూరి నీడన ఆరబెట్టాలి. రెండు జతలు మార్చి మార్చి తొడిగితే చెమట ఆరుతుంది, రెండూ ఎక్కువ కాలం మన్నుతాయి.

షుగర్ ఉన్నవాళ్లు రోజూ షిఫ్టు అయ్యాక పాదాలు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి బూటు కరిచినా తెలియదు.

రక్షణ పాదరక్ష లేకుండా ఎవరూ గనిలో పనిచేయరాదని, దాన్ని యాజమాన్యమే ఉచితంగా ఇవ్వాలని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలే చెప్పాయి. గని కార్మికుల తోలు బూట్లకు ఐఎస్ 1989, రబ్బరు కాన్వాస్ బూట్లకు ఐఎస్ 3976 ప్రమాణాలున్నాయి. చట్టం బూటు ఇప్పించగలదు. దాన్ని ఎనిమిది గంటలూ కాలికి ఉంచేది మాత్రం సౌకర్యమే. కరిచే బూటును మనిషి ఎప్పుడో ఒకప్పుడు వదులు చేస్తాడు, లేసు విప్పుతాడు, విప్పి పక్కన పెడతాడు. ఆ క్షణంలో తోలూ ఉక్కూ ప్రమాణాలూ అన్నీ వృథా. కాబట్టి హాయిగా ఉండటం బూటుకు అదనపు సోకు కాదు, రక్షణలో అదీ ఒక భాగమే.

2019లో కేంద్రం భూగర్భ గనుల్లోనూ ఆడవాళ్లు పనిచేసేందుకు అనుమతినిచ్చింది. మగవాళ్ల పాదం అచ్చుతో చేసిన బూటులో చిన్న సైజు తీసుకుంటే సరిపోదు. సాధారణంగా ఆడవాళ్ల మడమ సన్నగా ఉంటుంది, పాదం తీరు వేరు. వాళ్ల కొలతలతో అచ్చులు రావాలి. బూట్లు పంచే రోజున సైజు నంబరు రాసుకుని ఊరుకోకుండా, ప్రతి మనిషి పాదం పొడవూ వెడల్పూ కొలవాలి, తొడిగించి నడిపించి చూడాలి. సరిపోని జతను మార్చి ఇవ్వమని అడగడం కార్మికుల హక్కు, మార్చి ఇవ్వడం భద్రతా విధుల్లో ఒకటి.