బెల్లం వేస్తే షుగరు పెరగదా?

ఇంట్లో ఒకరికి షుగరు వ్యాధి ఉందని తేలగానే వంటింట్లో పంచదార డబ్బా పక్కకు పోయి, దాని చోటికి బెల్లం వస్తుంది. 'ఇదైతే పరవాలేదు' అంటూ తాతయ్య కాఫీలో రెండు ముక్కలు వేసుకుంటారు.

పరవాలేదా? లేదు. పంచదార అంటే సుక్రోజ్. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే, కాస్త ఇనుము, ఖనిజాలు అదనం. పేగుల్లో సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది. తేనెలో ఆ విడిపోవడం ముందే జరిగిపోయి ఉంటుంది, అంతే తేడా.

మరి స్టీవియా? పరాగ్వే ప్రాంతపు మొక్క అది. ఆకుల్లోని తీపి పదార్థాలు పంచదార కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యన, కాబట్టి చిటికెడు చాలు. నాలుక మీది తీపి గ్రాహకాలు మెదడుకు కబురు పంపుతాయి గానీ, రక్తంలో గ్లూకోజ్ పెరగదు. అరిసెల పాకం మాత్రం దీంతో రాదు!

ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం కథ తమాషాగా ఉంటుంది. 1965లో అమెరికా రసాయన శాస్త్రవేత్త జేమ్స్ ష్లాటర్ అల్సర్ మందు కోసం పనిచేస్తూ, కాగితం తీయబోయి వేలు నాకారు. తియ్యగా తగిలింది! అయితే ఇందులో ఫినైలలనిన్ ఉంటుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ల శరీరం దాన్ని సరిగా వాడుకోలేదు. అందుకే డబ్బాల మీద హెచ్చరిక రాస్తారు.

'షుగర్ ఫ్రీ' బిస్కెట్ కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. అక్కడ మైదా ఉంటే, అదీ కడుపులో గ్లూకోజే అవుతుంది.