మంచు తోసే బండికి గొలుసులు

దమ్ము చేసే ట్రాక్టరుకు కేజ్ వీల్స్ ఎందుకు బిగిస్తారో మన రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. బురదలో ఉత్త టైరు ఉన్నచోటే తిరుగుతుంది. అమెరికాలో అంటారియో సరస్సు దాపున, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ వైపు ఇదే తంటా మంచుతో. ఏటా సగటున పదడుగుల మేర కురుస్తుందక్కడ. తెల్లారేసరికి ఇంటిముందు దారి మూసుకుపోతుంది. పికప్ ట్రక్కుకు ముందు ఇనుప బ్లేడు తగిలించి తోసుకోవాల్సిందే.

మామూలు కారు మంచు మీదుగా వెళ్లిపోతుంది. తోసే బండి అలా కాదు. బ్లేడు మెత్తటి మంచును గీకేసి, అడుగున గట్టిపడ్డ పొరను వదిలేస్తుంది. నాలుగు చక్రాలూ నడవాల్సింది ఆ గాజులాంటి పొర మీదే. పొడి రోడ్డు మీద టైరుకుండే పట్టులో అక్కడ ఐదో వంతు కూడా దొరకదు. ఆ కాస్త పట్టుతోనే మంచు కుప్పను నెట్టాలి, వెనక్కి రావాలి, మళ్లీ నెట్టాలి.

అందుకే చక్రాలకు గొలుసు. అది వేస్తే, టైరు వెడల్పంతా పరుచుకునే బరువు కొన్ని ఇనుప లింకుల మీదికి చేరుతుంది. అవి ఐసులోకి దిగి కరుచుకుంటాయి. నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండే గొలుసులు ముందుకూ వెనక్కీ బాగా పట్టిస్తాయి గానీ, బండి పక్కకు జారితే అంతగా ఆపలేవు. బ్లేడును ఏటవాలుగా తిప్పినప్పుడు మంచు బండి మూతిని పక్కకు తోస్తుంది కదా, అక్కడ డైమండ్ ఆకారంలో అల్లిన గొలుసు నయం. టైరు గొలుసులకు 1904లో పేటెంటు తీసుకున్న హ్యారీ వీడ్ కూడా సిరక్యూస్ పక్కనున్న కెనస్టోటా ఊరివాడే.

నన్నడిగితే ముందు బరువు, తర్వాతే గొలుసు. బ్లేడు పైకెత్తగానే ముందు ఇరుసు కుంగి, వెనక భాగం తేలికవుతుంది. బరువు లేని చక్రానికి ఎంత మంచి గొలుసు చుట్టినా ఐసులోకి దిగదు. అందుకే ట్రక్కు తొట్టిలో బాగా వెనక్కి ఇసుక బస్తాలు వేస్తారు. బండి ఇరుక్కుంటే ఆ ఇసుకే చక్రాల కింద చల్లుకోవచ్చు.

గొలుసులు ఇంజను తిప్పే చక్రాలకే వేయాలి. నాలుగు చక్రాలూ తిరిగే బండయితే కంపెనీ ఇచ్చిన పుస్తకం చూడండి. కొన్నింటికి ముందు చక్రాల దగ్గర చోటు చాలదు, గొలుసు బ్రేకు గొట్టాన్ని రాసుకుంటుంది. బిగించేటప్పుడు లోపలివైపు కొక్కెం ముందు తగిలించాలి. కొక్కేల మొనలు టైరు వైపు తిరిగి ఉండకూడదు, రబ్బరును కోస్తాయి. కాస్త దూరం నడిపి, దిగి, మళ్లీ బిగించాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ఈ రెండో బిగింపు మానకూడదు. వదులైన గొలుసు కొరడాలా బండిని బాదుతుంది.

ఇంకో చిక్కుంది. గొలుసు లేనప్పుడు బ్లేడు రాయికి తగిలితే టైరు జారి దెబ్బను కొంత తప్పిస్తుంది. గొలుసు వేశాక ఆ దెబ్బ తిన్నగా ఇరుసుకూ గేరుబాక్సుకూ పోతుంది. కాబట్టి మెల్లగానే తోయాలి. మంచు పోయి తారు బయటపడితే గొలుసులు విప్పేయాలి. కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కిన ట్రాక్టరును ఊరంతా ఎందుకు తిడుతుందో తెలిసిందేగా. విప్పాక రోడ్డు ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి తగిలిస్తే వచ్చే చలికాలానికి తుప్పు పట్టవు.