కదిలితేనే కరెంటు

మా ముక్త్యాల రైతుకు కరెంటంటే మోటారే. దానికి మూలం 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రం. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. ఆపామా, అంతే సంగతులు! చుట్టగుండా పోయే అయస్కాంత బలరేఖలు మారుతూ ఉండాలి. ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి.

సైకిలు డైనమో చూడండి. లైటు వేయగానే తొక్కుడు బరువెక్కుతుంది. పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికకే అడ్డుపడుతుంది. 1834లో లెంజ్ చెప్పిందిదే. ఆ అడ్డును మన కాళ్లు తోయాలి, ఆ శ్రమే వెలుగవుతుంది.

మాకు దగ్గర్లోని పులిచింతలలో కాళ్ల పని కృష్ణ నీరు చేస్తుంది. 30 మెగావాట్ల యూనిట్లు నాలుగు. నీటి తోపుకు టర్బైనూ, దానితోపాటు విద్యుదయస్కాంతమూ తిరుగుతాయి, రాగి చుట్టలు కదలవు. మోటార్లు పెరిగేకొద్దీ తిప్పడం బరువవుతుంది. అక్కడ నీరో, ఇంకోచోట బొగ్గో ఎక్కువ పడాలి.

ఉచిత కరెంటే కదా అని మా నాన్నగారు రాత్రంతా మోటారు వదిలేస్తారు. ఇదంతా చెబితే నవ్వి, "అయితే డైనమో తీసేసి సైకిలు తొక్కరా" అన్నారు.