మీకు తెలుసా? ఓనీల్ ఇంటి దాయాది పోరు

ఐర్లండ్ ఉత్తర ప్రాంతం అల్‌స్టర్‌లో ఏలిన ఓనీల్‌లలో నాయకుణ్ని వంశస్థుల్లోంచి ఎన్నుకోవడం ఆచారం. 1542లో కాన్ ఓనీల్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర 'ఎర్ల్ ఆఫ్ టిరోన్' బిరుదు పుచ్చుకుని, వారసుడిగా మాథ్యూ పేరు రాయించాడు. మరో కొడుకు షేన్‌కి ఒళ్లు మండింది. మాథ్యూ తమ రక్తమే కాదని, డండాక్ ఊరి కమ్మరి కొడుకని వాదించాడు. మాథ్యూ పెరిగింది ఆ కమ్మరింట్లోనే మరి! 1558లో షేన్ మనుషులు అతన్ని చంపేశారు. 1567లో మెక్‌డానెల్ వంశం వారి చేతిలో షేనూ హతమయ్యాడు. తలని డబ్లిన్ కోట మీద గుచ్చిపెట్టారు. పగ అక్కడా ఆగలేదు. 1590లో మాథ్యూ కొడుకు హ్యూ, షేన్ కొడుకుల్లో ఒకణ్ని ఉరితీయించాడు. ఆ హ్యూయే ఇంగ్లండ్‌తో తొమ్మిదేళ్లు పోరాడి 1603లో లొంగిపోయాడు, 1607లో ఓడెక్కి దేశం విడిచాడు. అల్‌స్టర్‌లో అతని భూములు ఇంగ్లండ్, స్కాట్లండ్ వలసదారుల పరమయ్యాయి.