నెట్‌వర్క్ ఆడియోలో గడియారాల సమన్వయం

రికార్డింగ్ స్టూడియోలోని డిజిటల్ ధ్వని పరికరాలను కంప్యూటర్ నెట్‌వర్కు ద్వారా కలిపి, వాటి లోపలి గడియారాలన్నీ ఒకే లయలో నడిచేటట్లు చేయడాన్ని నెట్‌వర్క్ ఆడియోలో గడియారాల సమన్వయం అంటారు. మైకు నుండి వచ్చే విద్యుత్ సంకేతాన్ని అంకెలుగాను, ఆ అంకెలను తిరిగి విద్యుత్ సంకేతంగాను మార్చే పరికరం ఆడియో ఇంటర్‌ఫేస్. ఇది యూఎస్‌బీ కేబులుతో ఒక్క కంప్యూటరుకు కాక, ఈథర్‌నెట్ కేబులుతో నెట్‌వర్కుకు కలిస్తే దానిని నెట్‌వర్క్ ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. అంకెలను ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చడం నెట్‌వర్కుకు సులభమైన పని. ఏ అంకె ఏ క్షణానికి చెందినదో అన్ని పరికరాలూ ఒకే విధంగా లెక్కించేటట్లు చేయడమే కష్టమైన పని.

చరిత్ర

పూర్వం స్టూడియోలలో ఒక్కొక్క మైకుకు ఒక్కొక్క కేబులు చొప్పున గాయకుల గది నుండి మిక్సింగ్ గదికి లాగేవారు. 1985లో వెలువడిన ఏఈఎస్3 ప్రమాణం వలన ఒకే కేబులులో రెండు ఛానళ్ల డిజిటల్ ధ్వనిని పంపడం సాధ్యమైంది. గడియారపు స్పందనలను మాత్రం వర్డ్ క్లాక్ అనే మరొక కేబులు ద్వారా పంపడం స్టూడియోలలో వాడుక అయ్యింది. 1996లో వచ్చిన కోబ్రానెట్ ఈథర్‌నెట్ మీద ధ్వనిని పంపిన తొలి వాణిజ్య పద్ధతులలో ఒకటి. 2006లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఏర్పడిన ఆడినేట్ సంస్థ డాంటే అనే పద్ధతిని, 2010లో జర్మనీకి చెందిన సంస్థ రవెన్నా అనే పద్ధతిని ప్రవేశపెట్టాయి. ఇటువంటి వేర్వేరు పద్ధతుల పరికరాలు ఒకదానితో ఒకటి ధ్వనిని పంచుకొనడానికి 2013లో ఏఈఎస్67 ప్రమాణం వెలువడింది.

గడియారం అవసరం ఎందుకు?

డిజిటల్ ధ్వని అనగా సమాన కాలవ్యవధులలో తీసుకున్న కొలతల వరుస. ఈ కొలతలను నమూనాలు అంటారు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్‌జ్ వరకు వినగలదు. ఒక ధ్వనిని నష్టం లేకుండా పట్టుకొనడానికి దాని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ నమూనాలు కావాలి. అందువలన సీడీలలో సెకనుకు 44,100 నమూనాలు, సినిమా, టెలివిజన్ పనులలో సాధారణంగా 48,000 నమూనాలు వాడుతారు.

ఈ నమూనాలను ఎప్పుడు తీయాలో చెప్పేది పరికరంలోని క్వార్ట్‌జ్ స్ఫటికం. ఒకే దుకాణంలో కొన్న రెండు గోడ గడియారాలు కొన్నాళ్లకు వేర్వేరు సమయాలు చూపినట్లే, రెండు పరికరాల స్ఫటికాలు కూడ సరిగ్గా ఒకే వేగంతో కంపించవు. ఉదాహరణకు, వాటి మధ్య తేడా పది లక్షలలో 20 వంతులు అనుకుందాం. సెకనుకు 48,000 నమూనాల వేగం వద్ద ఇది సెకనుకు సుమారు ఒక నమూనా తేడా అవుతుంది. గంట గడిచేసరికి 3,456 నమూనాలు, అనగా 72 మిల్లీసెకన్లు తేడా వస్తుంది. గాలిలో ధ్వని ఇంత కాలంలో దాదాపు 25 మీటర్లు ప్రయాణిస్తుంది. గాత్రాన్ని ఒక పరికరంలోను, వయొలిన్‌ను మరొక పరికరంలోను విడివిడిగా గంటసేపు రికార్డు చేసి కలిపితే, చివరకు వయొలిన్ 25 మీటర్ల దూరం నుండి వినిపించినంత వెనుకబడవచ్చు.

సమన్వయం లోపిస్తే

నెట్‌వర్కులో కలిసి ఉన్న పరికరాల మధ్య సమన్వయం లోపిస్తే కనిపించే లక్షణం వేరు. పంపే పరికరం వేగంగా, అందుకునే పరికరం నెమ్మదిగా నడిస్తే అందుకునే చోట నమూనాలు పేరుకుపోయి కొన్నిటిని వదిలివేయవలసి వస్తుంది. ఇందుకు వ్యతిరేకంగా జరిగితే నమూనాలు చాలక ఖాళీ ఏర్పడుతుంది. రెండు సందర్భాలలోను ధ్వనిలో టిక్కుమనే శబ్దం వినిపిస్తుంది. సమన్వయం పూర్తిగా తప్పినప్పుడు డాంటే పరికరాలు ధ్వనిని తామే ఆపివేస్తాయి.

ఈ లోపం వాద్యాల హోరులో వెంటనే తెలియకపోవచ్చు. గాయకుడు పాడి వెళ్లిపోయిన తరువాత, నిశ్శబ్దమైన ఆలాపన మధ్యలో బయటపడుతుంది. వదిలివేయబడిన నమూనాలు ఎక్కడా నిలువ ఉండవు కనుక వాటిని తిరిగి రాబట్టే మార్గం లేదు. తరువాత చేసే మరమ్మతు అంతా ఊహించి పూరించడమే. కనుక సమన్వయాన్ని రికార్డింగుకు ముందే సరిచూడాలి.

కాలాన్ని పంచుకునే విధానం

నెట్‌వర్కు ఆడియోలో ప్రత్యేకమైన గడియారపు కేబులు అవసరం లేదు. ధ్వని ప్రయాణించే ఈథర్‌నెట్ కేబులు మీదనే కాలాన్ని కూడ పంపుతారు. దీనికి వాడే నియమావళి పీటీపీ. దీనిని ఐఈఈఈ 1588 అనే ప్రమాణం నిర్వచిస్తుంది. దీని మొదటి రూపం 2002లో, రెండవ రూపం 2008లో వచ్చాయి. డాంటే మొదటి రూపాన్ని ఆధారంగా చేసుకుని రూపొందింది. ఏఈఎస్67 రెండవ రూపాన్ని వాడుతుంది.

నెట్‌వర్కులోని పరికరాలు తమలో ఒకదానిని ప్రధాన గడియారంగా ఎన్నుకుంటాయి. మిగిలినవి దానిని అనుసరిస్తాయి. ఉత్తరం మీద తపాలా ముద్ర ఉన్నట్లు ప్రతి సందేశానికీ బయలుదేరిన సమయం, చేరిన సమయం గుర్తిస్తారు. ఈ లెక్కను ఒక ఉదాహరణతో చూడవచ్చు.

* ప్రధాన గడియారం తన లెక్కలో 100వ మైక్రోసెకను వద్ద సందేశం పంపింది. అనుసరించే పరికరం దానిని తన లెక్కలో 112 వద్ద అందుకుంది. తేడా 12.
* అనుసరించే పరికరం తన లెక్కలో 130 వద్ద బదులు పంపింది. ప్రధాన గడియారం దానిని తన లెక్కలో 134 వద్ద అందుకుంది. తేడా 4.
* రెండు తేడాల సగటు 8. ఇది ప్రయాణానికి పట్టిన కాలం.
* రెండు తేడాల మధ్య వ్యత్యాసంలో సగం 4. అనగా అనుసరించే పరికరం 4 మైక్రోసెకన్లు ముందున్నది.

ఈ విధంగా పదే పదే కొలిచి, అనుసరించే పరికరం తన గడియారపు సమయాన్నీ వేగాన్నీ సరిదిద్దుకుంటుంది. అయితే సందేశం వెళ్లడానికి, రావడానికి ఒకే కాలం పడుతుందనే భావన మీద ఈ లెక్క ఆధారపడి ఉన్నది. నెట్‌వర్కులో రద్దీ వలన ఒక దిశలో మాత్రమే సందేశం ఆగిపోతే లెక్క తప్పుతుంది. గడియారపు సందేశాలకు అన్నిటికంటె ముందుగా దారి ఇవ్వాలనే నియమానికి కారణం ఇదే.

స్టూడియోలో అమర్చే పద్ధతి

డాంటే పరికరాలు ఉన్న ఒక చిన్న స్టూడియోను ఉదాహరణగా తీసుకుంటే ఈ క్రమం అనుసరించదగినది.

1. స్విచ్: గిగాబిట్ స్విచ్ వాడాలి. విద్యుత్తు ఆదా కోసం ఉన్న ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ అనే సదుపాయాన్ని ఆపివేయాలి. అది కేబులును మధ్య మధ్య నిద్రపుచ్చి గడియారపు సందేశాలను ఆలస్యం చేయవచ్చు. వై-ఫై మీద ఆధారపడరాదు.
2. చిరునామాలు: నెట్‌వర్కులో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వరు లేకపోతే పరికరాలు 169.254తో మొదలయ్యే చిరునామాలను తామే తీసుకుంటాయి. కొన్నిటికి వేరే స్థిర చిరునామాలు ఇస్తే అవి మిగిలినవాటికి కనిపించకపోవచ్చు.
3. నమూనాల వేగం: అన్ని పరికరాలలోను, రికార్డింగ్ సాఫ్ట్‌వేరులోను ఒకే వేగం ఉండాలి. 48,000 వద్ద ఉన్న డాంటే పరికరం 96,000 వద్ద ఉన్నదానికి ధ్వనిని పంపలేదు.
4. ప్రధాన గడియారం: సాధారణంగా ఎన్నికను పరికరాలకే వదిలివేయవచ్చు. ఎప్పుడూ ఆపని పరికరం ఒకటి ఉంటే డాంటే కంట్రోలర్‌లో దానికి ప్రాధాన్యం ఇవ్వడం మేలు. వర్డ్ క్లాక్ ఇచ్చే బయటి పరికరం ఉంటే దానిని ఒక్క డాంటే పరికరానికి కలిపి, ఆ పరికరాన్నే ప్రధాన గడియారం చేయాలి.
5. ఆలస్యం: ధ్వని ప్యాకెట్లు ముందూ వెనుకా వచ్చినా సర్దుకొనడానికి అందుకునే పరికరం కొంత సేపు వేచి ఉంటుంది. చిన్న నెట్‌వర్కులలో సాధారణంగా 1 మిల్లీసెకను సరిపోతుంది. ఆ కాలంలో ధ్వని గాలిలో సుమారు 34 సెంటీమీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కనుక గాయకుడికి ఇబ్బంది కలగదు.
6. ప్రాధాన్యం: స్విచ్ ప్యాకెట్ల మీది గుర్తులను చూసి దారి ఇస్తుంది. డాంటేలో గడియారానికి 56, ధ్వనికి 46 గుర్తులు. ఏఈఎస్67లో గడియారానికి 46, ధ్వనికి 34 గుర్తులు. ఒకే స్విచ్ మీద రెండు రకాలూ ఉంటే 46 అనే గుర్తు ఒకచోట గడియారాన్ని, మరొకచోట ధ్వనిని సూచిస్తుందని గుర్తుంచుకోవాలి.

సరిచూసుకునే విధానం

అమరిక పూర్తి అయిన తరువాత 1,000 హెర్ట్‌జ్ ల స్థిరమైన స్వరాన్ని నెట్‌వర్కు గుండా పంపి, పది నిమిషాల పాటు రికార్డు చేసి వినాలి. సంగీతంలో దాగిపోయే టిక్కు శబ్దం స్థిరస్వరంలో స్పష్టంగా వినిపిస్తుంది. శబ్దాలు సమాన వ్యవధులలో వస్తూ ఉంటే గడియారాల మధ్య తేడాను అనుమానించాలి. క్రమం లేకుండా వస్తూ ఉంటే స్విచ్ రద్దీనో, కంప్యూటరు మీది భారాన్నో ముందుగా పరిశీలించాలి.

పరిమితులు

నెట్‌వర్కుకు బయట ఉండి, తన సొంత గడియారాన్నే అనుసరించే పరికరాన్ని కలపవలసి వస్తే నమూనాల వేగాన్ని మార్చే సాధనం వాడాలి. అది కొత్త నమూనాలను గణించి ఇస్తుంది కనుక టిక్కు శబ్దాలు రావు. సినిమా డబ్బింగులో బొమ్మతో కూడ పొందిక కావాలి. సెకనుకు 24 ఫ్రేములు, 48,000 నమూనాలు ఉన్నప్పుడు ఒక్కొక్క ఫ్రేముకు సరిగ్గా 2,000 నమూనాలు వస్తాయి. ఈ నిష్పత్తి చివరి వరకు నిలవాలంటే బొమ్మకు, ధ్వనికి మూలమైన గడియారం ఒకటే అయి ఉండాలి. మామూలు సంగీత రికార్డింగుకు ఖరీదైన బయటి గడియారం తప్పనిసరి కాదు. అయితే ప్రధాన గడియారం ఏదైనా, అది ఒక్కటే ఉండాలి.