సాదృశ్య విచారము: పికాసో చిత్రించిన గెర్‌ట్రూడ్ స్టెయిన్ పటము

చిత్రకళకు మన ప్రాచీనులు ఆరంగములు చెప్పిరి. కామసూత్ర వ్యాఖ్యాతయగు యశోధరుడు పేర్కొనిన రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అనునవియే యవి. వీనిలో సాదృశ్యము వ్యక్తిచిత్రముల యెడ మిక్కిలి చిక్కైన యంశము. పటము కంటి కగపడు రూపమును పోలవలెనా? చిత్రకారుని మనసున నిలిచిన రూపమును పోలవలెనా? ఈ సందేహమును తీర్చుకొనుటకు పికాసో చిత్రించిన గెర్‌ట్రూడ్ స్టెయిన్ పటము మిగుల నుపకరించును.

స్టెయిన్ (1874-1946) అమెరికాలో జన్మించి పారిస్‌లో స్థిరపడిన రచయిత్రి. ఇరువదినాలుగేండ్ల పికాసో 1905లో ఆమె పటమునకు పూనుకొనెను. మోంమార్త్ర్‌లోని యాతని చిత్రశాలలో ఎనుబది తొంబది పర్యాయములు కూర్చుండితినని ఆమె చెప్పుకొనెను. ఈ లెక్క అతిశయోక్తి కావచ్చును. 1906 వసంతమున పికాసో, ఎంత చూచినను ఆమె తనకు గోచరించుట లేదని విసిగి, ముఖభాగమును చెరిపివేసి స్పెయిన్‌లోని గోసోల్ గ్రామమునకు వెడలిపోయెను. మరలివచ్చిన పిదప ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొనకయే స్మృతినుండి ముఖమును పూర్తిచేసెను.

అందువలన పటమున రెండు రీతులు కానవచ్చును. గోధుమవన్నె దుస్తులలో ముందునకు వంగిన బరువైన దేహము, తొడలపై నానిన చేతులు మృదువుగా నున్నవి. ముఖము మాత్రము కొయ్యమొగమువలె కఠినమై, కన్నులు అసమానములై యున్నవి. ఆ కాలమున లూవ్ర్‌లో ప్రదర్శింపబడిన ప్రాచీన ఐబీరియా శిల్పముల ప్రభావము ఇందు కలదని విమర్శకులందురు. 1907 నాటి 'అవిన్యోఁ యువతులు' చిత్రమునకు ఈ ముఖము తొలిమెట్టు.

పోలిక లేదన్న వారితో పికాసో, మున్ముందు ఆమెయే పటమును పోలగలదనెనట. ఇది కేవలము చమత్కారము కాదు. ఎదుట నున్నంతకాలము క్షణక్షణమునకు మారు ముఖమే కనబడును; ఎడబాసిన పిమ్మట మారనిది మిగులును. ఆ మిగిలినదే ఇచ్చటి సాదృశ్యము.

స్టెయిన్ సైతము పికాసోను గూర్చి శబ్దచిత్రములు రచించెను. వానిలో అవయవవర్ణనము లేదు. పదముల పునరుక్తియు లయయు కలవు. మన ప్రబంధములలో నాయిక ఆపాదమస్తకము వర్ణింపబడియు, పెక్కుచోట్ల ఒక నాయికకును వేరొక నాయికకును భేదము తెలియరాదు. కావున పాత్రచిత్రణమును పరిశీలించువారు వర్ణించిన యంగములను లెక్కించుటతో తృప్తిపడక, వర్ణన ముగిసిన పిదప మనసున నిలిచిన వ్యక్తి యెవరని విచారింపవలెను.

స్టెయిన్ తుదివరకు తనయొద్ద నుంచుకొనిన ఈ పటము, 1946లో ఆమె మరణశాసనము ననుసరించి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలకు చేరినది.